ఏడో ఆకు తర్వాత

బాన్సువాడ,
24 నవంబరు 1998, మంగళవారం.

చిరంజీవి సుజనకు నానమ్మ ఆశీస్సులు.

ఇక్కడ నేనూ, మీ తాతా, రెండు బర్రెలూ బాగున్నాం. మొక్క సంగతి వేరుగా రాయాలి కాబట్టి దాన్ని ఈ వరసలో చేర్చలేదు. నువ్వు వేళకు తింటున్నావనీ, చలికి తలుపు సందులో గుడ్డ పెట్టుకునే పడుకుంటున్నావనీ అనుకుంటున్నాను.

నెలకొక ఉత్తరం, అదీ ఒకటో తారీఖున అని మనం అనుకున్న పద్ధతి. ఈసారి వారం ముందే రాస్తున్నాను. డిసెంబరు ఏడున నీ ప్రాజెక్టు రిపోర్టు మీ మేడమ్ చేతికి ఇవ్వాలని రాశావు కదా, అందుకు. నేను పంపిన ఆకుల లెక్కలో దిద్దవలసింది ఒకటి ఉంది. చిన్నది కాదు. ఈ ఉత్తరం చివరిదాకా చదవకుండా ఆ రిపోర్టు ఇవ్వకు. ఫోను చేయవచ్చు కదా అంటావు. మీ హాస్టల్ ఫోను దగ్గర నీ వెనక పది మంది పిల్లలు నిలబడి ఉంటారు. ఇక్కడ బస్టాండు బూత్‌లో డబ్బా మీద ఎర్ర అంకెలు పరుగెత్తుతుంటాయి. ఇది వాటిని చూస్తూ చెప్పగలిగే మాట కాదు.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు, నువ్వు అడిగిన వరసలోనే.

నా నడుము నొప్పి తగ్గింది. దవాఖానలో ఇచ్చిన మాత్రలు పన్నెండు, వేసుకున్నవి తొమ్మిది. మిగిలిన మూడూ డబ్బాలో ఉన్నాయి.

మీ తాత పొలానికి పోతూనే ఉన్నాడు. వానకాలం కోతలు అయిపోయాయి. నస్రుల్లాబాద్ మడిలో యాసంగి నారుకు జాగా చదును చేయిస్తున్నాడు. పొద్దున ఎనిమిది గంటల బస్సుకు పోతాడు, సాయంత్రం ఎవరి ట్రాక్టరు దొరికితే దాని మీద వస్తాడు. అరవై తొమ్మిదేళ్ల మనిషి ట్రాక్టరు మడ్‌గార్డు మీద కూర్చుని రావడం ఏమిటని అడిగితే, నేనేమన్న నీ బడి పిల్లగాన్నా అన్నాడు. బడి పిల్లలు నా మాట వినేవాళ్లని చెప్పాను.

నీ హాస్టల్ మొక్క ఆకుల అంచులు గోధుమరంగుకు తిరుగుతున్నాయని రాశావు. దీనికి జవాబు బషీరున్నిసాను అడిగి రాస్తున్నాను. మొక్కల విషయంలో నా మాట మీద ఇప్పుడు నాకే నమ్మకం తక్కువ. నీ గది కిటికీ పడమటిదైతే మధ్యాహ్నం ఎండ నేరుగా ఆకు మీద పడుతూ ఉంటుందట. కుండీని గోడ వైపు రెండు మూరలు జరుపు. వెలుతురు ఉండాలి, ఎండ తగలకూడదు. వేలు రెండు కణుపుల లోతు మట్టిలోకి దించి, పొడిగా తగిలితేనే నీళ్లు పొయ్యి. కుండీ కింద పళ్లెంలో నీళ్లు మిగిలితే పారబొయ్యి. వారానికొకసారి తడిగుడ్డతో ఆకు రెండు వైపులా దుమ్ము తుడువు, నూనె మాత్రం రాయకు. కాడ పక్కన వేలాడే గాలి వేళ్లు చూడడానికి బాగా లేవని మీ గదిలో పిల్ల ఎవరో కత్తిరిస్తానన్నదని రాశావే, ఆ పిల్లను కుండీ దగ్గరికి రానీయకు. ఆ వేళ్లకు పట్టు దొరకడానికి కొబ్బరి పీచు చుట్టిన కర్ర ఒకటి కుండీలో పాతు.

ఇవన్నీ జూన్‌లో నువ్వే కాగితం మీద రాసి మన వరండా గోడకు అంటించి పోయినవే కదా అని నీకు నవ్వు రావచ్చు. నవ్వుకో.

ఇక నీ నాలుగో ప్రశ్న. "ఎనిమిదో ఆకు నుంచి మన ఇంటి మొక్క హాస్టల్ మొక్కను దాటింది. ప్రతి ఆకూ సరిగ్గా రెండు సెంటీమీటర్లు ఎక్కువ ఉంది. ఎందుకని మేడమ్ అడిగింది. కాలువల వల్ల బాన్సువాడ గాలిలో తడి ఎక్కువ, అదే కారణమని అరపేజీ రాశాను. నానమ్మా, నువ్వింకా ఏమైనా ప్రత్యేకంగా చేశావా?" అని అడిగావు. ఆ ఉత్తరం నా ముందే ఉంది. ఈ వాక్యాలు చూసే రాస్తున్నాను. చేశాను. ఏం చేశానో చెప్పాలంటే తారీఖుల వారీగా రావాలి.

జూన్ 14, ఆదివారం. ఒకే తల్లి మొక్కకు చెందిన రెండు కొమ్మలను నువ్వు హైదరాబాదు నర్సరీ నుంచి తెచ్చావు. ఒకటి నీ హాస్టల్ గదికి, ఒకటి మన వరండాకు. రెండింటికీ ఐదేసి ఆకులు. చీలాకు ఫిలోడెండ్రాన్ అని నువ్వు పేరు చెబితే, మీ తాత దాన్ని చింపిరాకు చెట్టు అన్నాడు. ఇప్పటికీ అదే పేరు. ఒకే ఈడు మొక్కలు రెండు చోట్ల పెరిగితే ఏ ఆకుకు ఎన్ని చీలికలు వస్తాయో చూడడం నీ పని. బాన్సువాడ లెక్క రాయడం నా పని. ముప్పై మూడేళ్లు ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పినదాన్ని కాబట్టి నన్ను నమ్మావు. నోటుబుక్కులో ఆరు గడులు గీశాను: తారీఖు, ఆకు సంఖ్య, పొడవు, ఎడమ చీలికలు, కుడి చీలికలు, విశేషాలు. మన దగ్గర టేపు లేదు. పక్కింట్లో జాకెట్లు కుట్టే బషీరున్నిసా దగ్గర ప్రతి ఆదివారం పొద్దున తెచ్చి, కొలిచి, ఇచ్చేసేదాన్ని.

జూలై 5న ఆరో ఆకు. జూలై 26న ఏడో ఆకు. ఏడోది విచ్చుకునే రోజుల్లో నేను నాట్లకు కూలీల వెంట నస్రుల్లాబాద్‌లో ఉన్నాను. తిరిగి వచ్చేసరికి ఆకు అరచేతులు రెండు పరిచినంత వెడల్పున, ఎడమ వైపు నాలుగు, కుడి వైపు నాలుగు చోట్ల చినిగి ఉంది. విశేషాల గడిలో "గాలికి చినిగింది" అని రాశాను. అది చినగడం కాదని, పుట్టడమే అలా పుడుతుందని నువ్వు జవాబు రాశావు. పుస్తకంలో అలా ఉండవచ్చు, వరండాలో గాలి కూడా ఉందని అనుకున్నాను. నా మాట కొట్టివేయలేదు.

ఆ వారమే కింది ఆకులు పసుపుకు తిరగడం మొదలైంది. నేను కోటగిరి పిల్లను, మీ తాత నస్రుల్లాబాద్ రైతు. ఇద్దరం నిజాంసాగర్ నీళ్ల మీద పెరిగినవాళ్లం. నాటిన వారానికి వరి పసుపు తిరిగితే మా ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు ఏం చేయాలో. మడిలో నీళ్లు నిలబెట్టాలి, గుప్పెడు యూరియా చల్లాలి. మీ తాత వచ్చి కుండీ చుట్టూ తిరిగి చూసి, "దీనికి నీళ్లు సాల్తలేవే. మడిల నిలవెట్టినట్టు నిలవెట్టు" అన్నాడు. బర్రెలకు కుడితి పెట్టే వెడల్పు తొట్టి కడిగి, అందులో కుండీ పెట్టి, కుండీ అంచుకు రెండు వేళ్లు తక్కువగా నీళ్లు నింపాను. చిటికెడు యూరియా వేశాను. గోడ మీద నీ కాగితం ఉంది. "మట్టి ఎండిన తర్వాతే నీళ్లు" అని నీ చేతి రాత. రోజూ దాని ముందు నుంచే బిందె మోశాను.

ఇంకా పసుపు తిరిగింది. ఇంకా నీళ్లు పోశాను. ఇద్దరం ఎంత నమ్మకంగా ఉన్నామంటే, రెండో విడత యూరియా ఎప్పుడు వేయాలని కూడా మాట్లాడుకున్నాం.

ఆగస్టు 16, ఆదివారం. టేపు తెచ్చుకుని ఆకు పట్టుకోగానే కాడ నా చేతిలోకి ఒరిగింది. మొదలు మెత్తగా, నల్లగా, కుళ్లు వాసన. అరవై ఆరేళ్ల మనిషిని, కుండీ ముందు కూలబడ్డాను. టేపు తిరిగి రాలేదేమని బషీరున్నిసా తనే వచ్చింది.

బషీరున్నిసా నీకు తెలుసు గాని, నాకు ఆమె ఏమవుతుందో నీకు పూర్తిగా తెలియదు. 1969లో నా ఎనిమిదో తరగతిలో రెండో బల్ల మీద కూర్చునేది. ఇప్పుడు నలభై మూడేళ్లు, ఇద్దరు కొడుకులు ఆటోలు నడుపుతున్నారు, అయినా నన్ను చూస్తే కొంగు సర్దుకుంటుంది. ఆ రోజు మాత్రం సర్దుకోలేదు. తొట్టి చూసింది, కుండీ చూసింది, తల పట్టుకుంది.

"టీచరమ్మా, ఇది చెట్లెక్కే జాతి. దీన్ని మీరు వరి చేసిన్రు."

ఇంట్లోకి పోయి కొత్త బ్లేడు తెచ్చింది. కుళ్లిందంతా తీసేస్తూ పోతే మిగిలింది జానెడు ముక్క. దానికి ఒక కణుపు, ఒక గాలి వేరు, కొసన సగం పసుపైన ఏడో ఆకు. దాన్ని గాజు సీసాలో నీళ్లు పోసి నిలబెట్టింది. నీళ్లతోనే కదా ఇది చచ్చింది, మళ్లీ నీళ్లలోనే పెడతావేమిటని అడిగాను. బురదలో ఊపిరాడదు, తేట నీళ్లలో ఆడుతుంది, మూడు రోజులకొకసారి నీళ్లు మారిస్తే చాలు అన్నది. నేను లెక్కలు చెప్పిన పిల్ల నాకు అంత ఓపికగా చెప్పింది.

సెప్టెంబరు 6న ఏడో ఆకు కూడా రాలిపోయింది. నీళ్లలో ఒక పుల్ల మిగిలింది.

నువ్వు ఇప్పటికే వేళ్లు మడిచి లెక్క వేసి ఉంటావు. వేసుకో. కాని అక్కడ ఆగకు. దాని తర్వాత జరిగింది నా జీవితంలో నేను చూసినవాటిలో అన్నిటికంటే గొప్పది. అది కూడా నీకు చెప్పాలి.

మూడు రోజులకొకసారి నీళ్లు మార్చాను. పుల్లకు నీళ్లు మార్చడం ఎలా ఉంటుందో అనుకో. మీ తాత దాని పక్కనుంచి పోతూ, "ఇగ దాన్ని పొయ్యిల వెట్టు" అనేవాడు. సెప్టెంబరు 20న గాలి వేరు కొసన తెల్లగా ఏదో కనిపించింది. కళ్లజోడు తుడుచుకుని చూశాను. నానబెట్టిన వడ్లు మొలకెత్తితే ఎలా ఉంటుందో సరిగ్గా అలాంటి మొన. మూడు రోజుల తర్వాత అలాంటివి ఐదు. పొయ్యిలో పెట్టమన్న మనిషి ఆ సాయంత్రం బురద కాళ్లు కడుక్కోకుండా వచ్చి సీసా ముందు గొంతుకూర్చున్నాడు.  మర్నాటి నుంచి బావి నీళ్లు తేరుకునేదాకా బకెట్లో ఉంచి నాకు అందించే పని తనే పెట్టుకున్నాడు.

వేళ్లు వచ్చాయి కాని ఆకు లేదు. ఏడో ఆకు రాలిన రోజు నుంచి తొమ్మిది వారాలు. ఆకు లేకుండా అది ఏం తిని బతికిందో నువ్వు చదువుకున్నావు, నాకు చెప్పు. నవంబరు 8న కణుపు దగ్గర ఒక మొన పొడుచుకొచ్చింది. లేత పచ్చగా, చాప చుట్టినట్టు బిగుతుగా చుట్టుకుని, పైకి బాణంలా. పన్నెండు రోజులు అలాగే పొడుగయింది.

నవంబరు 20, శుక్రవారం పొద్దున చుట్ట అంచు కొంచెం వదులైంది. నేను ఇంకెక్కడికీ పోలేదు. పీట వేసుకుని దాని ముందే కూర్చున్నాను. బియ్యం అక్కడే ఏరుకున్నాను. కదులుతున్నట్టు కనపడదు. బియ్యంలో రెండు రాళ్లు ఏరి తలెత్తి చూస్తే ఆ అంచు ఇందాకటి చోట లేదు. శనివారం మధ్యాహ్నానికి సగం విప్పుకుంది. అప్పుడు చూశాను సుజనా. ఆకు లోపలి భాగం ఇంకా చుట్టలోనే ఉంది. గాలి దాన్ని ముట్టుకోలేదు, ఎండ ముట్టుకోలేదు, వరండాకు ఆ రోజు నేనే గోనెపట్టా కట్టాను. అయినా ఆ చుట్ట లోపల చీలికలు సిద్ధంగా ఉన్నాయి. పాయలు ఒకదానిమీద ఒకటి అంటుకుని, దువ్వెన పళ్లలా వరుసగా, తమ వంతు వచ్చేదాకా ఆగి ఉన్నాయి. విప్పుకుంటున్న కొద్దీ ఒక్కో పాయ పక్కదాని నుంచి విడివడుతోంది. చప్పుడు లేదు. నడిమి ఈనె పక్కన చిన్న కన్నం ఒకటి, కోడిగుడ్డు ఆకారంలో. అందులోంచి అవతలి గోడ కనిపించింది.

అంటే ఆకుగా తయారవుతున్నప్పుడే, ఇంకా చీకట్లో చుట్టుకుని ఉన్నప్పుడే, ఎక్కడ ఉండాలో ఎక్కడ ఉండకూడదో అది నిర్ణయించుకుంది. లేని చోటును కూడా అదే తయారుచేసుకుంది. పై ఆకు తన కింది ఆకుకు వెలుతురు వదలడానికి అలా చేస్తుందని కొందరంటారని నువ్వు ఆగస్టులో రాశావు. దీనికి కింద ఆకే లేదు. జానెడు పుల్ల, మొత్తం పోగొట్టుకుని వచ్చింది. అయినా కింద ఒకటి ఉన్నట్టే, దానికి వెలుతురు వదిలి పుట్టింది.  ఏరిన బియ్యంలో రాళ్లు మళ్లీ కలిపేశాను.

మీ తాత సాయంత్రం వచ్చి చూశాడు. యాభై పంటలు తీసిన మనిషి. చాలాసేపు చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"లోపట కత్తెర ఎవలు పట్టిన్రే?"

నాకు జవాబు తెలియదు. తెలియదనే చెప్పాను. యాభై ఏళ్ల సంసారంలో ఆయనకు ఆ మాట నేను చెప్పడం ఇది రెండోసారో మూడోసారో.

ఆదివారం పొద్దున ఆకు పూర్తిగా పరుచుకుంది. కొలవాలి. మూడు నెలలుగా టేపు అడగలేదు. గోడ మీదుగా పిలిచి అడిగితే బషీరున్నిసా టేపు మెడలో వేసుకుని తనే వచ్చింది. ముందు ఆకును చూసింది. వేలితో చీలిక అంచు వెంట మెల్లగా నిమిరింది. గుడ్డను కత్తిరిస్తే అంచు వెంట పోగులు లేస్తాయట, ముడిచి కుట్టాలట. దీనికి పోగు లేదు, కుట్టు లేదు, ఇది కత్తిరించింది కాదు టీచరమ్మా అన్నది. పాతికేళ్లు కత్తెర పట్టిన మనిషి చెప్పింది కాబట్టి ఇప్పుడు నాకు అనుమానం లేదు. జూలైలో "గాలికి చినిగింది" అని రాసింది తప్పు. కొట్టివేశాను.

ఆమె టేపు పట్టింది, నేను రాయడానికి నోటుబుక్కు తెరిచాను. ఇక్కడే, సుజనా.

తెరిచిన పేజీలో ఏడో ఆకు కింద ఎనిమిది, తొమ్మిది, పది ఉన్నాయి. ఆగస్టు 30, సెప్టెంబరు 27, అక్టోబరు 25. ముప్పై ఒకటి, ముప్పై నాలుగు, ముప్పై ఆరు సెంటీమీటర్లు. చీలికలు ఎడమ, కుడి. నీలం సిరా, నా చక్కటి రాత. బషీరున్నిసా చదివింది. నా మొహం చూడలేదు, సీసా వైపు చూసింది.

"గీ మూడు ఆకులు ఏడున్నయ్ టీచరమ్మా?"

నేను నోటుబుక్కు మూయబోయాను.

"టేపు మూడు నెలల సంది నా మిషిను మీదనే ఉన్నది. మీరు దేంతోని కొలిచిన్రు?"

నీ ఉత్తరాలతో కొలిచాను. ఇదీ నేను చేసిన ప్రత్యేకమైన పని.

సెప్టెంబరు 3న నీ ఉత్తరం వచ్చింది. అప్పటికి కుండీ బోర్లించి ఉంది. నా నోటుబుక్కు పేజీ నకలు మీ మేడమ్ చూసిందని, ఇంత శుభ్రంగా లెక్క రాసేవాళ్లను కాలేజీలోనే చూడలేదన్నదని, ఆ పేజీ తరగతి అంతటికీ చూపించిందని అందులో రాశావు. దాన్ని రెండుసార్లు చదువుకున్నాను. ఆ కింద నీ హాస్టల్ మొక్క ఎనిమిదో ఆకు కొలత ఉంది, ఇరవై తొమ్మిది. మొక్క కుళ్లిందని రాయడానికే కాగితం తీశాను. నానమ్మ బాగున్నది, తాత బాగున్నాడు అని రాసి, తర్వాతి వాక్యం దగ్గర ఆగాను. తర్వాత నోటుబుక్కు తీసి, వెనకటి ఆదివారం తారీఖు వేసి, ముప్పై ఒకటి అని రాశాను. మరీ నీ అంకే వేస్తే కాపీ కొట్టినట్టు ఉంటుందని రెండు కలిపాను. నా మొక్క నీ మొక్క కంటే తక్కువ ఉండకూడదనే ఆశ కూడా అందులో ఉంది. దాచి ఏం లాభం, ఉంది. తర్వాత రెండు నెలలూ అంతే. నీ అంకె, దాని మీద రెండు. మేడమ్‌కు వింతగా తోచిన ఆ రెండు సెంటీమీటర్లు కాలువ గాలివి కావు. నావి.

వెనకటి తరగతుల్లో ఇలాంటి పని చేసిన పిల్లలను నేనెలా పట్టుకునేదాన్నో నీకు కథలుగా చెప్పాను. రెండు కాగితాల్లో తేడా ఒకే తీరుగా ఉంటే ఒకటి రెండోదానిలోంచి వచ్చిందే. మీ మేడమ్ అడిగినప్పుడే నువ్వు నన్ను అనుమానించాల్సింది. అనుమానించలేదు. నా మీద నమ్మకంతో అరపేజీ కారణం రాశావు. పోయిన వారం నీ ఉత్తరంలో ఆ మాట చదివినప్పటి నుంచి నాకు అన్నం రుచి తెలియడం లేదు. అబద్ధం నా నోటుబుక్కులో ఉన్నంతవరకు అది నాది. నీ రిపోర్టులోకి పోతే నీదవుతుంది, కింద నీ సంతకం ఉంటుంది.

బషీరున్నిసాకు ఇదంతా చెప్పాను. ఆమె టేపు చుట్ట చుడుతూ విన్నది. ఆమెకు 1969 అర్ధసంవత్సర పరీక్షలో లెక్కల కాగితానికి నేను సున్నా వేశాను. పక్క పిల్లది చూసి రాసింది. తప్పు కూడా అదే తప్పు. ఆ సంగతి నేను మరిచిపోలేదు, ఆమె మరిచిపోయిందనుకున్నాను.

"నేను చూసి రాసిన. మీరు సున్నా ఏసిన్రు. పొద్దూకకముందే మా అమ్మీకి చెప్పిన, రెండు దెబ్బలు తిన్న, అన్నం తిన్న, పన్న." తర్వాత నవ్వింది. ఎగతాళి నవ్వు కాదు. "ఇప్పుడు మీకు ఎవలు ఏస్తరు టీచరమ్మా సున్నా?"

మీ తాత గడపలో నిలబడి అంతా విన్నాడని తర్వాత తెలిసింది. విత్తనాల లెక్కలో నాలుగు కిలోలు తేడా వచ్చిందని నన్ను మూడు దినాలు సతాయించినవు గదనే అన్నాడు. ఇక ఈ మాట ఆయన నా బతుకంతా అంటాడు. అననీ.

ఇప్పుడు నీకు నష్టమెంతో నేను తగ్గించి చెప్పను. రెండు మొక్కల్లో ఒకటి సగంలో పోయింది. పోల్చడానికి ఏడు ఆకులే మిగిలాయి. మార్కులు తగ్గవచ్చు, రిపోర్టు మళ్లీ రాయమనవచ్చు. ఆ పాపం నాది, నువ్వు కోప్పడవచ్చు. కోపం వస్తే ఉత్తరంలో రాయి, మింగకు.

కాని ఒకటి చెప్తాను, తప్పును కప్పుకోవడానికి కాదు. నేను కల్పించిన మూడు ఆకులు నోటుబుక్కులో ఎంత చక్కగా ఉన్నాయో, అంత చచ్చిపోయి ఉన్నాయి. వాటిలో నాకు తెలియనిది ఒక్కటి కూడా లేదు. ఇక్కడ సీసాలో ఉన్నది పందొమ్మిది సెంటీమీటర్ల ఆకు, నేను రాసినదానిలో మూడింట రెండు వంతులు కూడా లేదు. దాని ముందు మూడు రోజులు కూర్చున్నా నాకు అర్థం కాలేదు. విశేషాల గడి ఆదివారం నుంచి ఖాళీగా ఉంది. ఏం రాయాలో ఆ గడిలో పట్టడం లేదు.

ఇక జరగవలసినవి:

1. ఎనిమిది, తొమ్మిది, పది ఆకుల వరసలు కొట్టివేయి. రబ్బరు పెట్టవద్దు, తెల్ల రంగు పూయవద్దు. ఒక్క గీత. కింద నా అంకె కనపడాలి.

2. కాలువ గాలి గురించిన అరపేజీ తీసేయి.

3. దాని చోట ఇది రాయి: "బాన్సువాడ మొక్క ఎక్కువ నీటి వల్ల ఆగస్టు 16న కుళ్లింది. పెంచినవాళ్లు దాన్ని వరిలా చూశారు. తర్వాతి మూడు కొలతలు కల్పితం." కల్పించింది ఎవరో పేరుతో రాయి.

4. అసలు ఎనిమిదో ఆకు: నవంబరు 22, పొడవు 19 సెంటీమీటర్లు, చీలికలు ఎడమ మూడు, కుడి రెండు, కన్నం ఒకటి. టేపు పట్టింది బషీరున్నిసా. కావాలంటే సంతకం చేస్తానన్నది.

5. మీ మేడమ్‌కు వేరే కాగితం మీద రాసి ఇందులో పెట్టాను. మడత విప్పకుండా ఇవ్వు. నీ తప్పు లేదని అందులో ఉంది. నా రాత శుభ్రంగా ఉందని ఈసారి ఆమె మెచ్చుకోకపోయినా పరవాలేదు.

6. మార్కులు ఎన్ని తగ్గాయో నాకు రాయి. తక్కువ చేసి రాస్తే నాకు తెలిసిపోతుంది.

7. హాస్టల్ కుండీని ఈ ఉత్తరం చదవగానే కిటికీ నుంచి జరుపు.

8. నోటుబుక్కు చివరి పేజీలో నా పేరు రాసి, పక్కన ఒక గడి ఖాళీగా ఉంచాను. సెలవులకు వచ్చినప్పుడు ఎర్ర సిరాతో అందులో సున్నా వెయ్యి. గుండ్రంగా వెయ్యి, తొందరలో గీకవద్దు.

9. తొమ్మిదో ఆకు ఎప్పుడు వస్తుందో తెలియదు. మొన కనపడగానే కార్డు రాస్తాను, నువ్వు బస్సెక్కు. పీటలు రెండు ఉన్నాయి. విప్పుకోవడం మొత్తం చూద్దాం. కొలవడం తర్వాత.

ఇట్లు,
తప్పు దిద్దుకున్న నీ నానమ్మ,
పోసవ్వ.